డివైడర్ జోలికి పోవద్దు అల్లుడూ

చిరంజీవి అల్లుడికి,

మామ ఆశీస్సులు. నిన్న రాత్రి నీతో ఫోన్‌లో మాట్లాడినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. పామిడి దాటి గార్లదిన్నె వైపు పోయే దారిలో, హైవేను ఆనుకుని ఉన్న మీ రెండెకరాల్లో హోటల్ పెడుతున్నావంటే చాలా సంతోషపడ్డాను. మా చెల్లెలి చేతి ఉగ్గాని, బజ్జీ ఒకసారి తిన్నవాళ్లు ఆ దారిన మళ్లీ ఆగకుండా పోరు. కానీ చివర్లో ఒక మాట అన్నావు. "బెంగళూరు పోయే బండ్లు మాత్రమే వస్తే ఏం గిట్టుబాటు మామా, హైదరాబాద్ వైపు పోయేవాళ్లు కూడా రావాలి కదా, ఎదురుగా డివైడర్‌లో పది పన్నెండు అడుగులు తీయించేస్తా" అన్నావు. ఆ ఒక్క పని చేయొద్దు. మిగతాది ఎట్లా చేయాలో చెబుతాను. కొలతలు ఫోన్‌లో చెబితే గుర్తుండవని రాస్తున్నాను.

నా బతుకంతా రోడ్డు పనుల మీదే గడిచింది, నీకు తెలుసు. నీకు తెలియనిది ఒకటుంది. మన జిల్లాలో ఈ రోడ్డును నాలుగు వరుసలు చేస్తున్న రోజుల్లో, అప్పటికి దీన్ని ఏడో నంబరు హైవే అనే పిలిచేవాళ్లం, ఒక ఊరి రైతులు నా దగ్గరకు వచ్చారు. ఊరు ఒక పక్క, పొలాలు ఇంకో పక్క. చుట్టూ తిరిగి రావాలంటే ఎట్లా సార్ అన్నారు. న్యాయమైన మాటే. నేను డివైడర్‌లో నాలుగు రాళ్లు పెట్టించకుండా సందు వదిలేశాను. ఆ ఏడు శనక్కాయ కోతలప్పుడు చీకటిపడే వేళ ఒక ట్రాక్టర్ ఆ సందులోకి వచ్చి, అవతలి వైపు బండ్లు పోనీ అని ఆగింది. డివైడర్ వెడల్పు నాలుగైదు మీటర్లు. ట్రాక్టర్, ట్రాలీ కలిపితే ఏడెనిమిది మీటర్లకు తక్కువ ఉండదు. ఇంజన్ సందులో ఉంది, ట్రాలీ తోక రోడ్డు మీద ఉంది. అది కూడా డివైడర్ పక్క వరుసలో, అంటే అందరికన్నా వేగంగా పోయే బండ్ల వరుసలో. వెనక లైటు లేదు, మెరిసే స్టిక్కర్ కూడా లేదు. కారు వచ్చి తగిలింది. ముందు సీట్లో ఉన్న మనిషి అక్కడికక్కడే పోయాడు. తెల్లారి నేను పోయేసరికి తారు మీద శనక్కాయలు, అద్దం పెంకులు కలిసిపోయి ఉన్నాయి. ఆడవాళ్లు చీపుర్లతో ఊడుస్తున్నారు. నేను వదిలిన సందు సరిగ్గా పన్నెండు అడుగులు. నువ్వు ఫోన్‌లో అదే లెక్క చెప్పేసరికి నా గుండె జారిపోయింది.

లెక్క కూడా చెబుతా విను. నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు 2018 నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉంది. అంటే సెకనుకు 28 మీటర్లు. అడ్డం ఏదో ఉందని చూసి, అర్థమై, కాలు బ్రేకు మీద పడేసరికి రెండున్నర సెకన్లు పోతాయని రోడ్డు ఇంజనీర్లు లెక్క కడతారు. ఆ రెండున్నర సెకన్లలో కారు 70 మీటర్లు వచ్చేస్తుంది. పూర్తిగా ఆగాలంటే మొత్తం 180 మీటర్లు కావాలి. ఇక నీ సందులోంచి ట్రాక్టర్ కదిలి, రెండు వరుసలు దాటి, దాని తోక రోడ్డు దిగేసరికి ఎనిమిది పది సెకన్లు. ఆ లోపు కారు పావు కిలోమీటరు వచ్చేస్తుంది. పావు కిలోమీటరు దూరంలో కనబడే రెండు లైట్లను చూసి అది ఎంత వేగంగా వస్తోందో రాత్రిపూట ఏ డ్రైవరూ చెప్పలేడు. నేనూ చెప్పలేను.

రెండు బండ్లు ఒకదాని దారిలోకి ఒకటి వచ్చే చోట్లను కూడా లెక్కపెడతారు. నాలుగు రోడ్ల కూడలిలో అవి 32. మూడు రోడ్ల కూడలిలో 9. డివైడర్ మూసి ఉంటే నీ హోటల్ ముందు రెండే: ఎడమకు తిరిగి లోపలికి పోయే చోటు, ఎడమకు తిరిగి రోడ్డెక్కే చోటు. నువ్వు డివైడర్ తీశావంటే ఆ రెండు తొమ్మిదవుతాయి. పైగా డివైడర్ పగలగొట్టడం హైవేను పాడుచేసినట్టే, కేసు పెడితే జైలు దాకా పోతుంది. కానీ నేను చెప్పేది కేసు భయంతో కాదు. ఆ సందు నీ కళ్లెదురుగా ఉంటుంది. అక్కడ ఏం జరిగినా మొదట పరుగెత్తాల్సింది నువ్వు, మీ అమ్మ.

ఇప్పుడు చేయాల్సిన పని. 2002లో వచ్చిన జాతీయ రహదారుల నియంత్రణ చట్టం ప్రకారం హైవే మీదికి దారి పెట్టుకోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. పొలం మనదైనా, రోడ్డుకూ పొలానికీ మధ్యనున్న జాగా మనది కాదు. హోటళ్లకు, పెట్రోలు బంకులకు దారి ఎట్లా ఉండాలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. మంచి డ్రాఫ్ట్స్‌మన్‌తో నక్షా గీయించి, జాతీయ రహదారుల సంస్థ, అదే ఎన్‌హెచ్‌ఏఐ, ప్రాజెక్ట్ డైరెక్టర్ ఆఫీసులో దరఖాస్తు పెట్టు. ఆలస్యం అవుతుంది. అయినా అనుమతి కాగితం చేతికి రాకుండా పునాది తీయొద్దు. పక్కవాళ్లు అడగకుండానే దారి పెట్టుకున్నారు కదా అంటావు. రేపు సర్వీసు రోడ్డు వేసినప్పుడో, రోడ్డు వెడల్పు చేసినప్పుడో మొదట మూతపడేది వాళ్ల దారే.

నక్షాలో ఏముండాలో చెబుతా. లోపలికి ఒక దారి, బయటికి ఒక దారి, అంతే. ముందు భాగమంతా ఖాళీగా వదిలేసి ఎవరికి తోచిన చోట వాళ్లు దిగేటట్టు పెట్టొద్దు. బండ్లు వచ్చే వైపు, అంటే పామిడి వైపు, లోపలికి పోయే దారి. గార్లదిన్నె వైపు బయటికి వచ్చే దారి. రెంటి మధ్యలో అడుగెత్తు కట్ట కట్టి గడ్డి పెంచు, చెట్లు వద్దు, బయటికి వచ్చేవాడికి చూపు అడ్డొస్తాయి. లోపలికి తిరగబోయే బండి మెల్లగా కావడానికి ముందు నుంచే పక్కన వేరే వరుస ఉండాలి, లేకపోతే వాడు మెయిన్ రోడ్డు మీదే బ్రేకు వేస్తాడు, వెనకవాడు ఇంకా గట్టిగా వేస్తాడు, మూడోవాడు లారీ అయితే ఆపలేడు. బయటికి వచ్చే వైపు కూడా వేగం అందుకునేంత జాగా కావాలి. గేటు రోడ్డుకు బాగా లోపలికి పెట్టు, గేటు దగ్గర ఆగిన లారీ తోక రోడ్డు మీద ఉండకూడదు.

పక్క కాలువ సంగతి మర్చిపోవద్దు. చాలామంది దారి కోసం కాలువలో మట్టి పోసి పూడ్చేస్తారు. అక్టోబరు వానకు ఆ నీళ్లు రోడ్డెక్కుతాయి. పెద్ద తూము పైపులు వేసి దాని మీద దారి వేయించు.

లారీలకు లోపల జాగా ఎక్కువ పెట్టు, కార్ల కన్నా ముందు వాటి గురించి ఆలోచించు. చీనీకాయల లారీ వాడు టీ తాగడానికి పది నిమిషాలు ఆగుతాడు, లోపల తిప్పుకునే వీలు లేకపోతే రోడ్డు అంచునే వదిలేసి వస్తాడు. చీకట్లో ఆగి ఉన్న లారీని వెనక నుంచి కొట్టడం మన రోడ్ల మీద ఎన్నిసార్లు చూశానో. రాత్రి డ్యూటీకి ఒక మనిషిని పెట్టు, వాడి పని ఒక్కటే: అంచున ఆగిన బండిని లోపలికి పిలవడం. నీ ఫ్లడ్‌లైట్లు నేల వైపు చూడాలి, రోడ్డు మీద వచ్చేవాడి కళ్లలోకి కాదు.

పక్కన పంక్చర్ షాపు అతను, ఆ పక్కన పళ్ల కొట్టు పెడతానంటున్న రెడ్డిగారు ఉన్నారు కదా. ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి. మూడు దారులకు బదులు ముగ్గురికీ కలిపి ఒకటే లోపలి దారి, ఒకటే బయటి దారి పెట్టుకుంటే ఖర్చు పంచుకోవచ్చు, దరఖాస్తుకు బలం ఉంటుంది, ఒక షాపుకు వచ్చినవాడు హైవే ఎక్కకుండానే రెండో షాపుకు పోతాడు. ముగ్గురిలో ఎవరి మాటా పడిపోకుండా కాగితం మీద రాసుకోండి. ఈ పని నేను దగ్గరుండి చేయిస్తాను.

ఊరి జనం కోసం వెనక బండ్ల బాట ఉంది చూడు, మీ తాత ఎడ్లబండి తోలిన బాట. దాన్ని గ్రావెల్ వేయించి బాగుచెయ్యి. నీ దగ్గర పనిచేసే పిల్లలు, పాలవాడు, కూరగాయల ఆటో అన్నీ అటు నుంచే రావాలి. లేకపోతే ప్రతి ఒక్కడూ రాంగ్ రూట్‌లో బైకు తోలుకుని వస్తాడు. పనిలో చేరే రోజే చెప్పు, రాంగ్ రూట్‌లో వస్తే పని లేదని. కఠినంగా ఉండు, ఫరవాలేదు.

హైదరాబాద్ వైపు పోయేవాళ్ల సంగతి. యూ టర్న్ ఉన్న చోట తిరిగి వచ్చేవాడు వస్తాడు, రానివాడు రాడు. ఈ రోడ్డు మీద ఒక్క వైపు పోయే బండ్లే నీ హోటల్ నింపడానికి చాలు. అందరూ దారులు తెరుస్తూ పోతే ఏమవుతుందో చూశాం కదా: ఊళ్లో రద్దీ అని బైపాస్ వేశారు, ఆ బైపాస్ పక్కన ప్రతివాడూ ఒక తలుపు తెరిచాడు, ఇప్పుడు అది కూడా బజారైంది. ఊరికి దాటే దారి నిజంగా కావాలంటే, సర్పంచ్‌తో కలిసి కలెక్టర్ దగ్గర జరిగే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి అర్జీ పెట్టించు. సందు అడగొద్దు, అండర్‌పాస్ అడగండి, సర్వీసు రోడ్డు అడగండి. అర్జీలో ఎక్కడ ఎప్పుడు ఏ ప్రమాదం జరిగిందో తేదీలతో రాయండి. 500 మీటర్ల దూరంలో మూడేళ్లలో ఐదు పెద్ద ప్రమాదాలో, పది మరణాలో ఉంటే దాన్ని బ్లాక్ స్పాట్‌గా, అంటే పదేపదే ప్రమాదాలు జరిగే చోటుగా గుర్తిస్తారు. స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కాపీలు తీసుకుంటే ఆ లెక్క మీ చేతిలో ఉంటుంది.

క్యాష్ కౌంటర్ వెనక గోడ మీద హైవే హెల్ప్‌లైన్ 1033, అంబులెన్సు 108 నంబర్లు పెద్ద అక్షరాలతో రాయించు. దెబ్బ తగిలిన మనిషికి సాయం చేసినందుకు ఎవరూ నిన్ను ఇబ్బంది పెట్టకూడదని 2019లో మోటారు వాహనాల చట్టానికి సవరణ వచ్చింది. పిల్లలకు అది కూడా చెప్పు, భయపడి నిలబడిపోకుండా ఉంటారు.

ఆదివారం పొద్దున మొదటి బస్సుకు పామిడిలో దిగుతాను. టేపు నేను తెస్తా, నువ్వు సున్నం, నాలుగు మేకులు, పురికొస సిద్ధంగా పెట్టు. చీకటి పడేదాకా మీ పొలం గట్టు మీదే కూర్చుని, రెండు వైపులా బండ్లు ఎంత దూరం నుంచి కనబడుతున్నాయో చూసి, అప్పుడు గేటు ఎక్కడో గీత గీద్దాం. డివైడర్ తీయడానికి పిలిచిన ఆ జేసీబీ అతనికి ఇవ్వాళే ఫోన్ చేసి రావద్దని చెప్పు. చెప్పాక నాకు ఒక మెసేజ్ పెట్టు.

నీ మామ