కింద షాపులు, పైన పెద్దవాళ్ళ ఫ్లాట్లు: ఊరి మధ్యలో కడితే నడుస్తుందా?

మీరడిగింది ఇదీ కదా: విజయవాడలో మెయిన్ రోడ్డు మీద 1200 గజాల స్థలం ఉంది, కింద షాపులు, మధ్యలో ఆఫీసులు, పైన అరవై దాటినవాళ్ళ కోసం ఫ్లాట్లు వేద్దామనుకుంటుంటే చుట్టాలంతా "పెద్దవాళ్ళకి ప్రశాంతత కావాలి, ఊరి బయట పొలాల్లో కట్టు" అంటున్నారని. నేనైతే ఊళ్ళోనే కట్టమంటా. కాకపోతే ఆ మధ్యలో ఆఫీసులు అన్నచోటే నాకు అభ్యంతరం, అది కింద చెప్తా.

నేను సింగపూర్‌లో బిల్డింగ్ సర్వీసెస్ పనిలో ఉన్నానండీ, అంటే లిఫ్టులు, ఏసీ, ఫైర్ లైన్లు డ్రాయింగుల్లో ఒకదానికొకటి అడ్డం పడకుండా చూసే పని. ఉండేది ఉడ్‌ల్యాండ్స్‌లో. మాకు దగ్గర్లో అడ్మిరల్టీ ఎంఆర్‌టీ స్టేషన్, అంటే అక్కడి మెట్రో, దాని పక్కనే కంపుంగ్ అడ్మిరల్టీ అని ఒక బిల్డింగ్ ఉంది, మీ ప్రశ్నకి నేను కళ్ళతో చూసినవాటిలో దానికంటే మంచి జవాబు లేదు. దాని డిజైన్‌తో నాకేం సంబంధం లేదు, అక్కడ సరుకులు కొంటా, తింటా, తెనాలి నుంచి అమ్మా నాన్నా వచ్చినప్పుడల్లా వాళ్ళ సాయంత్రాలన్నీ అక్కడే.

కట్టించింది అక్కడి ప్రభుత్వ హౌసింగ్ బోర్డు హెచ్‌డీబీ, డిజైన్ చేసింది వోహా అనే సింగపూర్ ఆర్కిటెక్టులు. స్థలం 0.9 హెక్టారు, మన లెక్కలో రెండుంబావు ఎకరాలు కూడా పూర్తిగా లేదు, పైగా 45 మీటర్లు దాటి లేపకూడదని షరతు. మామూలుగా అయితే ఆ స్థలాన్ని ముక్కలు చేసి క్లినిక్కుకొకటి, మార్కెట్టుకొకటి, ఫ్లాట్లకొకటి పంచేసేవాళ్ళు. వీళ్ళు అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చారు, ఆర్కిటెక్టులే దాన్ని క్లబ్ శాండ్‌విచ్ అంటారు. నేల మీద పక్కలు తెరిచి ఉన్న పెద్ద మండపం లాంటి ప్లాజా, షాపులు, సూపర్‌మార్కెట్, రెండో అంతస్తులో సుమారు 900 మంది కూర్చుని తినగలిగే హాకర్ సెంటర్, అంటే చవగ్గా వండిపెట్టే చిన్న చిన్న స్టాళ్ళు. దాని మీద మెడికల్ సెంటర్, స్పెషలిస్టు డాక్టర్లు ఉంటారు, పొద్దున చేసి సాయంత్రానికి ఇంటికి పంపించేసే చిన్న ఆపరేషన్లు కూడా అక్కడే అవుతాయి. ఆ పైన మెట్లు మెట్లుగా తోటలు, పిల్లల డే కేర్, దాని పక్కనే వయసైనవాళ్ళ సెంటర్, రెండు 11 అంతస్తుల బ్లాకుల్లో పెద్దవాళ్ళ కోసం 104 ఫ్లాట్లు. 2018లో అధికారికంగా మొదలైంది, ఆ ఏడాదే వరల్డ్ ఆర్కిటెక్చర్ ఫెస్టివల్‌లో వరల్డ్ బిల్డింగ్ ఆఫ్ ది ఇయర్ కూడా దానికే ఇచ్చారు.

అవార్డు అలా ఉంచండి, నాకు నచ్చింది వేరే. అక్కడికొచ్చే జనంలో ఎక్కువమంది వృద్ధుల కోసం రారు. ట్రైన్ దిగి ఇంటికి పోతూ ప్లాజాలోంచి నడుస్తారు, కూరగాయలు కొంటారు, పిల్లల్ని డే కేర్ నుంచి తీసుకెళ్తారు, షుగర్ టెస్టుకొస్తారు. ఆ జనం మధ్యలో పై ఫ్లాట్లవాళ్ళు కూర్చుని ఉంటారు, ఎవరూ వాళ్ళని ప్రత్యేకంగా పలకరించక్కర్లేదు, అదే కాలక్షేపం. మా నాన్నకి ఇంగ్లీష్ అంతంత మాత్రమే, అయినా అక్కడ బెంచీ మీద ఒక తమిళ పెద్దాయనతో వచ్చిన నాలుగు ముక్కల తమిళంలోనే రోజూ గంటల తరబడి మాట్లాడేవారు, మా ఇంట్లో పదిహేనో అంతస్తులో కూర్చుంటే ఆయనకా స్నేహం ఎక్కడ దొరికేది చెప్పండి.

దీనికి పూర్తి రివర్స్ కూడా చూశాను. మా పెద్దమ్మని హైదరాబాద్ శివార్లలో ఒక హోమ్‌లో పెట్టారు, పేరు వద్దులెండి, రూములు బావుంటాయి, లాన్ ఉంది, సిబ్బంది మంచివాళ్ళు. కానీ గేటు దాటితే హైవే, మందుల షాపుకి వెళ్ళాలంటే ఆ హైవే దాటాలి, దాటలేక ప్రతిదానికీ సిబ్బందినే అడగాలి, అడగడం మొహమాటమై ఆవిడ చివరికి ఏదీ అడగడమే మానేశారు. చెన్నై బజార్లో ఒంటరిగా తిరిగి బేరాలాడిన మనిషి. ప్రశాంతత అంటూ మనం ఇస్తున్నది ఇదైతే నాకు మనసొప్పట్లేదండీ.

చిన్న చిన్న వాటిలో కూడా కంపుంగ్ అడ్మిరల్టీ నుంచి నేర్చుకునేది చాలా ఉంది. ఫ్లాట్ల ఉమ్మడి ప్రవేశాల దగ్గర బెంచీలున్నాయి, చెప్పులేసుకుంటూ ఇద్దరు కూర్చుంటే అక్కడే మాటలు మొదలు, మన అరుగు చేసే పని అదే. ఫ్లాటుకి గాలి ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు పోతుంది. మెడికల్ సెంటర్‌కి మధ్యలోంచి వెలుతురు దిగుతుంది, తోట కనిపిస్తూ ఉంటుంది, ట్యూబులైట్ల కింద భయం భయంగా వెయిట్ చేసే హాస్పిటల్ వాతావరణం ఉండదు. వానపడితే ప్లాజా తడవదు, కాబట్టి వానాకాలమంతా కూడా జనం అక్కడే.

అయితే మొత్తం కాపీ కొట్టకండి. అంత పెద్ద బిల్డింగులో ఫ్లాట్లు 104 మాత్రమే, ఒక్కోటి 36 లేదా 45 చదరపు మీటర్లు, అంటే 390, 480 అడుగులు అటూ ఇటూ, లీజు 30 ఏళ్ళది, వెనక ప్రభుత్వం ఉంది కాబట్టి లెక్క కుదిరింది. పైగా అది తమ పనులు తాము చేసుకోగలిగేవాళ్ళ కోసం. మతిమరుపు ముదిరినవాళ్ళకి ఇంత రద్దీ పనికిరాదు, వాళ్ళ కోసం నెదర్లాండ్స్‌లో వేస్ప్ అనే ఊళ్ళో హోగవేక్ అని 2009లో మొదలైన చోటుంది, ఇంటికి ఆరేడుగురు చొప్పున ఉంటారు, బజారూ హోటలూ అన్నీ ప్రహరీ లోపలే ఉంటాయి, వాళ్ళు తప్పిపోకుండా తిరగొచ్చు. అది వేరే రకం పని, 1200 గజాల్లో అయ్యేది కాదు.

ఇప్పుడు మీ మధ్య అంతస్తుల సంగతి. ఆఫీసులు అద్దె బాగానే ఇస్తాయి, కానీ సాయంత్రం ఆరింటికి తాళం పడుతుంది, ఆదివారం మొత్తం చీకటి, అంటే పెద్దవాళ్ళకి సందడి కావాల్సిన టైముకే బిల్డింగ్ సగం ఖాళీ. మళ్ళీ పొద్దున తొమ్మిదిన్నరకి, మధ్యాహ్నం భోజనాలప్పుడు ఆఫీసు కుర్రాళ్ళంతా లిఫ్టుకి ఎగబడతారు, వాకర్ పట్టుకున్న పెద్దాయన నాలుగు లిఫ్టులు వదిలేసి నిలబడాలి, నాలుగు రోజులు అలా జరిగితే ఐదో రోజు కిందికే దిగడు. అందుకని ఆ అంతస్తులు ఫిజియోథెరపీ, డెంటల్, కళ్ళ డాక్టరు, డయాగ్నస్టిక్స్, బ్యాంకు, పిల్లల డే కేర్, సంగీతం క్లాసు ఇలాంటివాళ్ళకి ఇవ్వండి. అద్దె కొంచెం తగ్గినా పై ఫ్లాట్లకి విలువ పెరుగుతుందని నా నమ్మకం. ఆఫీసులు తప్పవంటే వాటికి వేరే గుమ్మం, వేరే లిఫ్టు.

నేనైతే వరస కూడా మారుస్తా. కింద షాపులు, మొదటి అంతస్తులో క్లినిక్కులు, దాని స్లాబు మీద వెనకవైపు, రోడ్డు రొద తగలని చోట, తోట, ఆ తోటలోకి తలుపులు తెరుచుకునేలా పెద్దవాళ్ళ ఫ్లాట్లు, ఆఫీసులు ఏమైనా ఉంటే అన్నిటికంటే పైన. లిఫ్టు ఆగిపోయినా, పొగ వచ్చినా దిగడానికి తక్కువ మెట్లుంటాయి. వాళ్ళని పైకెక్కించి విజయవాడ ఎండలో కాలిన టెర్రస్ కింద పెట్టడం నాకిష్టం లేదు.

ఇంకోటి మీ ఆర్కిటెక్టుని మొదటిరోజే అడగండి. మీరు ఫ్లాట్లు మాత్రమే ఇస్తారా, లేక నర్సులూ సంరక్షణా కూడానా? నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో వృద్ధాశ్రమాలు ఇళ్ళ కింద రావు, ఇన్‌స్టిట్యూషనల్ కింద, అంటే హాస్పిటళ్ళుండే వర్గంలో వస్తాయి, ఫైర్ రూల్స్ మారిపోతాయి. సగం కట్టాక తెలిస్తే మెట్లే మార్చాల్సి రావచ్చు. ర్యాంపు 12 అడుగులకి ఒక అడుగు కంటే నిటారుగా వద్దు, తలుపు తెరిచాక 900 మిల్లీమీటర్లు ఖాళీ దొరకాలి, బాత్రూములో వీల్‌చైర్ తిరగడానికి మీటరున్నర చోటు వదలండి, గ్రాబ్ బార్లు, అంటే పట్టుకుని లేచే కడ్డీలు, తర్వాత వేసుకుందాంలే అనుకున్నా సరే గోడలో గట్టి ఆధారం మాత్రం ఇప్పుడే పెట్టించండి. స్ట్రెచర్ పడుకోబెట్టి తీసుకెళ్ళగలిగే లిఫ్టు ఒకటైనా ఉండాలి, దానికి జనరేటర్ కనెక్షన్ ఉండాలి, ఈ రెండిట్లో మాత్రం బేరం వద్దు.

స్థలానికి ఎన్ని వైపుల రోడ్డుంది, ముఖం ఎటు ఉంది రాయండి, లిఫ్టులూ మెట్లూ ఎక్కడొస్తే షాపుల గుమ్మాలు చెడవో ఒక స్కెచ్ వేసి చెప్తా.