గ్రీన్ టైల్ గమ్ కోసం లక్ష రూపాయల అప్పు అవసరమా?

ప్రశ్న: గుంటూరు గోరంట్లలో 1,200 చదరపు అడుగుల ఇల్లు కట్టుకుంటున్నాం. ఇద్దరం టీచర్లమే. పునాది పూర్తయింది, పిల్లర్లు లేస్తున్నాయి. టైల్స్ షాపువాళ్లు పర్యావరణానికి మేలు చేసే ‘గ్రీన్’ టైల్ గమ్ (టైల్స్ అతికించే సిమెంట్ పొడి జిగురు) తీసుకోమంటున్నారు. మామూలు 20 కిలోల బస్తా రూ.450 అయితే ఇది రూ.800. గ్రౌట్ (టైల్స్ మధ్య సందులు నింపేది), పుట్టీ, వాటర్‌ప్రూఫింగ్ కూడా అదే రకం తీసుకుంటే మొత్తం రూ.1,10,000 అదనం అవుతుంది. మా అబ్బాయి అదే కావాలని పట్టుబడుతున్నాడు. మేస్త్రీ మాత్రం గమ్మే దండగ, సిమెంట్ మాల్ చాలు అంటున్నాడు. హోమ్ లోన్ పూర్తిగా వాడేస్తున్నాం కాబట్టి దీనికి పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: టీచర్ గారూ, ఆ పర్సనల్ లోన్ వద్దు. అయితే మీ అబ్బాయి పట్టుదలను కొట్టిపారేయకండి. అతను కోరుకుంటున్నది మంచిదే. మీ ఇంట్లో ఆ మేలు ఎక్కువగా జరగాల్సిన చోటు టైల్ గమ్ కాదు, అంతే.

ముందు అప్పు సంగతి. 14 శాతం వడ్డీకి మూడేళ్లకు రూ.1,10,000 తీసుకుంటే నెలకు సుమారు రూ.3,760 కట్టాలి. వడ్డీయే దాదాపు రూ.25,000 అవుతుంది. ఇదే మొత్తాన్ని 8.5 శాతం హోమ్ లోన్‌లో 20 ఏళ్లకు కలిపితే నెలకు రూ.955తో పోతుంది కానీ, చివరికి కట్టేది రూ.2,29,000. ఇల్లు కట్టేవాళ్లకు చివరి రెండు నెలల్లో డబ్బుకు ఎంత కటకట ఉంటుందో నాకు తెలుసు. మీకున్న అప్పు తీసుకునే వెసులుబాటును ఇప్పుడే దీనికి ఖర్చు చేయకండి.

ఇక అసలు లెక్క. సిమెంట్ తయారీకి సున్నపురాయిని సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాల్చి క్లింకర్ చేస్తారు, సిమెంట్‌లో ప్రధాన భాగం అదే. మన పల్నాడు, జగ్గయ్యపేట వైపు ఫ్యాక్టరీల్లో జరిగేది ఇదే. ఆ వేడికి రాయిలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి వచ్చేస్తుంది. బొగ్గు కాల్చినందుకు వచ్చేది దీనికి అదనం. మొత్తం మీద ఒక టన్ను క్లింకర్‌కు 850 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది.

మీ ఇంటికి చదరపు అడుగుకు 0.4 బస్తా చొప్పున 480 బస్తాల సిమెంట్ పడుతుంది. పునాదికి పోయింది పోగా ఇంకా 350 బస్తాలు, అంటే 17.5 టన్నులు కొనాల్సి ఉందనుకుందాం. మేస్త్రీలు సాధారణంగా 53 గ్రేడ్ ఓపీసీ, అంటే దాదాపు అంతా క్లింకర్‌తోనే చేసే సిమెంట్ అడుగుతారు. దాని బదులు బూడిద కలిపిన సిమెంట్ అయిన పీపీసీ తీసుకుంటే అందులో 15 నుంచి 35 శాతం ఫ్లై యాష్ ఉంటుంది. మన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం లాంటి చోట్ల గుట్టలుగా మిగిలే బూడిదే అది. క్లింకర్ 25 శాతం తగ్గిందనుకున్నా, మీ ఇంటి మీద మూడున్నర టన్నుల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. దీనికి సిమెంట్ ధరలో అదనంగా పైసా పెట్టక్కర్లేదు. పీపీసీ ధర ఓపీసీని మించదు, చాలాసార్లు కాస్త తక్కువే.

ఇప్పుడు గమ్ చూడండి. ఫ్లోరింగ్‌కు 25, బాత్రూమ్, వంటగది గోడలకు 10, మొత్తం 35 బస్తాలు, అంటే 700 కిలోలు. కిలోకు అర కిలో కార్బన్ డయాక్సైడ్ అనుకున్నా మొత్తం 350 కిలోలే. గ్రీన్ రకంలో అది సగానికి తగ్గిందనుకున్నా మనం తగ్గించేది 175 కిలోలే. దానికి మీరు పెట్టేది రూ.12,250. పీపీసీతో తగ్గే మూడున్నర టన్నులకు సిమెంట్ ధరలో అదనం ఏమీ లేదు.

పీపీసీకి ఓపిక మాత్రం కావాలి. మొదటి రోజుల్లో బలం నెమ్మదిగా వస్తుంది. కాంక్రీట్ పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఓపీసీకి కనీసం 7 రోజులు నీళ్లు కొడితే, పీపీసీకి కనీసం 10 రోజులు కొట్టాలి. మన ఎండల్లో 14 రోజులు పెట్టుకోండి. శ్లాబు సెంట్రింగ్ కూడా తొందరపడి విప్పకూడదు. ఎప్పుడు విప్పాలో ఇంజనీరే చెప్పాలి. సెంట్రింగ్ అద్దె ఒక వారం పెరగొచ్చు, ఆ డబ్బు ఇప్పుడే విడిగా పెట్టుకోండి.

గమ్మే దండగ అన్న మేస్త్రీ మాటతోనూ నేను ఏకీభవించను. విట్రిఫైడ్ టైల్ నీటిని అర శాతం కూడా పీల్చదు. అందుకే సిమెంట్ పాలు దాన్ని గట్టిగా పట్టలేవు. కొన్నేళ్లకు తడితే డొల్ల శబ్దం వస్తుంది, ఆపైన లేస్తుంది. ఒక గది టైల్స్ పగలగొట్టి మళ్లీ వేయడమంటే కొత్త టైల్, కొత్త కూలీ, ఒక ట్రాక్టర్ చెత్త. పర్యావరణానికైనా, జేబుకైనా ఇంతకంటే నష్టం లేదు. పైగా ఆ టైల్ ఎక్కువగా గుజరాత్‌లోని మోర్బీలో బట్టీల్లో కాలి, లారీలో ఇక్కడిదాకా వస్తుంది. కాబట్టి మీ టైల్‌కు సరిపడే మామూలు గమ్ తప్పకుండా వాడండి. బస్తా మీద టైల్ గమ్‌కు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 15477, దాని టైప్ చూసుకోండి.

ఇంకో సంగతి, దీన్ని షాపుల్లో చెప్పరు. అంగుళం మందాన 1:6 మాల్ (ఒక పాలు సిమెంట్, ఆరు పాళ్లు ఇసుక) వేస్తే 1,200 అడుగులకు 15 బస్తాల సిమెంట్ పోతుంది. గమ్ 3 మిల్లీమీటర్లతో సరిపోతుంది కాబట్టి సిమెంట్ మిగలాలి. కానీ అడుగున కాంక్రీట్ ఎగుడుదిగుడుగా ఉంటే లెవెల్ కోసం ఎలాగూ మాల్ పరుస్తారు, ఆ పైన గమ్ పూస్తారు. రెండు ఖర్చులూ మీవే అవుతాయి. ఫ్లోర్ కాంక్రీట్ వేసే రోజే లెవెల్ సరిగ్గా తీయించండి.

గ్రీన్ అన్న మాట నిజమో కాదో తెలుసుకోవాలంటే షాపులో ఈపీడీ అడగండి. అది ఆ వస్తువు పర్యావరణ లెక్కల పత్రం, బయటి సంస్థ సరిచూసి ఆమోదిస్తుంది. సాధారణంగా ఐదేళ్లు చెల్లుతుంది. అందులో ‘ఏ1 నుంచి ఏ3’ గడిలో ఒక కిలో తయారీకి ఎంత కార్బన్ డయాక్సైడో ఉంటుంది. దాన్ని చదరపు అడుగుకు పట్టే కిలోలతో గుణించాలి. కిలోకు తక్కువ చూపించి, అడుగుకు ఎక్కువ తాగే రకమైతే లాభం లేదు. బస్తా మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంటే చాలదు. ఆధారం లేకుండా ‘ఎకో ఫ్రెండ్లీ’ అని చెప్పుకోవడాన్ని కట్టడి చేస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి కాగితం అడగడానికి మొహమాటపడకండి.

‘వాసన రాని, వీఓసీ (గాలిలో కలిసే రసాయన ఆవిర్లు) తక్కువ’ అన్న మాటకు డబ్బు పెట్టాలనుకుంటే గోడల పెయింట్ మీద, చెక్కపని జిగురు మీద పెట్టండి. సిమెంట్ పొడి గమ్‌లో ఆ సమస్య అసలే తక్కువ.

ఈ వారమే మీ అబ్బాయిని వెంట పెట్టుకుని ఇంజనీరుతో పీపీసీ గురించి మాట్లాడండి. శ్లాబు వేశాక ఈ అవకాశం సగానికి పైగా పోతుంది. పార్కింగ్‌కు, వెనక వరండాకు టైల్స్ బదులు బేతంచర్ల బండలు అడిగి చూడండి, అవి సహజమైన రాళ్లు, వాటికి బట్టీ అవసరం లేదు. టైల్స్ కొనేటప్పుడు అదే బ్యాచ్‌వి రెండు పెట్టెలు ఎక్కువ తీసుకుని అటక మీద పెట్టండి. ఎప్పుడైనా ఒకటి పగిలితే గదంతా మార్చాల్సిన పని ఉండదు.