మా అమ్మాయి మాకు చెప్పకుండా ప్రకటనలు చేస్తోంది

ప్రశ్న: మాది గుంటూరు. ఇరవై ఏళ్ళుగా టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అమ్మాయికి 19 ఏళ్ళు, ఇక్కడే పుట్టింది. సగం స్కాలర్‌షిప్ మీద యూనివర్సిటీ టీమ్‌లో టెన్నిస్ ఆడుతోంది. చిన్నప్పటి నుంచి కోచింగులకీ టోర్నమెంట్లకీ మావారు పెట్టిన ఖర్చుకి లెక్కే లేదు. మొన్న జనవరిలో దాని పేరు మీద 1099 ఫారం (జీతం కాని సంపాదన చూపించే పన్ను కాగితం) ఇంటికొచ్చింది. అడిగితే, ఒక స్పోర్ట్స్ బ్యాగుల కంపెనీకి ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ చేశాననీ, వాళ్ళు 2400 డాలర్లు ఇచ్చారనీ చెప్పింది. అప్పటిదాకా మాకు ఒక్క మాట చెప్పలేదు. అదే వారం ఆ రీల్ మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. "పొట్టి స్కర్టు వేసుకుని సంచులు అమ్ముకునే ఖర్మేం పట్టింది" అని మా అత్తగారు వాయిస్ మెసేజ్ పెట్టారు. మావారు అప్పటి నుంచి దానితో మాట్లాడటం లేదు. "సింధు గెలిచాక ప్రకటనలు చేసింది, ఇదేం గెలిచిందని? గోపీచంద్ అంతటివాడు ఆల్ ఇంగ్లండ్ గెలిచి కూడా కూల్‌డ్రింక్ ప్రకటన వద్దన్నాడు" అంటారు. మళ్ళీ ఆయనే ఆ డబ్బు తన అకౌంటులో వేయమంటారు. ఇప్పుడు ఫేస్ క్రీమ్ వాళ్ళెవరో అడుగుతున్నారట. విజయవాడ నుంచి వచ్చి అదే యూనివర్సిటీలో ఆడుతున్న మా అక్క కొడుకుని కూడా వీడియోలో పెట్టుకుని, వచ్చింది చెరిసగం పంచుకుంటామంటోంది. చదువుకునే పిల్లలు ఇలా సంపాదించడం సరైనదేనా? నేను ఎవరి వైపు మాట్లాడాలి?

జవాబు: ముందు మీ అక్కగారి అబ్బాయి సంగతి చూద్దాం. మీరు ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో తేల్చేశారు గానీ, ఈ మొత్తం వ్యవహారంలో కొంప ముంచేది అదే.

ఆ అబ్బాయి ఎఫ్-1 వీసా, అంటే స్టూడెంట్ వీసా మీద వచ్చి ఉంటాడు. మీ అమ్మాయి అమెరికా పౌరురాలు కాబట్టి తన ఆట, తన పేరు, తన ముఖం మీద సంపాదించుకోవచ్చు. అతనికి ఆ వీలు లేదు. ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు. బయట పని చేయాలంటే అనుమతి కావాలి. అమెరికాలో ఉండి కెమెరా ముందు నిలబడి, ఒక కంపెనీ వస్తువు చూపించి డబ్బు తీసుకుంటే అది పని కిందికే వస్తుంది. డబ్బు బదులు బూట్లు ఇచ్చారు కదా, బ్యాగులు ఇచ్చారు కదా అన్నా కుదరదు. మీ అమ్మాయి తన వాటాలోంచి సగం జెల్ ద్వారా బ్యాంకు అకౌంటుకి పంపి "గిఫ్ట్" అని రాసినా దాని అసలు రంగు మారదు. వీసా స్టేటస్ పోతే స్కాలర్‌షిప్, ఆట, చదువు అన్నీ ఒకేసారి పోతాయి.

పెద్ద పెద్ద ఆటగాళ్ళకే ఈ ఇబ్బంది తప్పలేదు. కెనడా నుంచి వచ్చి పర్డ్యూ యూనివర్సిటీకి బాస్కెట్‌బాల్ ఆడిన జాక్ ఈడీ 2023, 2024 రెండేళ్ళూ దేశంలో మేటి కాలేజీ ఆటగాడిగా ఎంపికయ్యాడు. అయినా స్టూడెంట్ వీసా కారణంగా తోటి ఆటగాళ్ళలా ప్రకటనలు చేసుకోలేకపోయాడు. కాంగో నుంచి వచ్చి కెంటకీకి ఆడిన ఆస్కార్ షీబ్వే 2022లో టీమ్‌తో బహామాస్ వెళ్ళినప్పుడు తన ప్రచార షూటింగులు అక్కడ పెట్టుకున్నాడు. ఆ పని అమెరికా గడ్డ మీద జరగకూడదన్నదే కారణం. మీ అక్కగారి అబ్బాయి కూడా సెలవుల్లో విజయవాడ వెళ్ళినప్పుడు అక్కడి కంపెనీకి ఏదైనా చేసుకోవచ్చేమో. కానీ అది కూడా యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసునీ, ఇమ్మిగ్రేషన్ లాయర్‌నీ అడిగాకే. అంతవరకు ఒక్క డాలరు కూడా ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. (ఇండియాలో పుట్టి హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీద ఇక్కడ పెరిగిన పిల్లల తల్లిదండ్రులు కూడా ఇది గమనించాలి. ఆ పిల్లలకి పని చేసే అనుమతి ఉండదు. యాస అమెరికాదైనంత మాత్రాన వీసా మారదు.)

ఈ మాట ఆ అబ్బాయితో మీవారినే మాట్లాడమనండి. ఇరవై ఏళ్ళ కిందట వచ్చిన మనిషి, వీసా అంటే ఏమిటో, అది పోతుందేమోనన్న టెన్షన్ ఎలా ఉంటుందో ఆయనకు ఒకరు నేర్పనక్కర్లేదు. పైగా అలిగి కూర్చున్న మనిషి నోరు తెరవడానికి ఒక పని దొరుకుతుంది. ఆ మాటల్లో మీ అమ్మాయి పేరు ఎలాగూ వస్తుంది.

ఇక చదువుకునే పిల్లలు సంపాదించవచ్చా అని అడిగారు. నా మటుకు నేను నిస్సంకోచంగా సంపాదించవచ్చనే అంటాను. 2021కి ముందు ఇక్కడి కాలేజీ ఆటల్లో జరిగిందేమిటో తెలిస్తే మీరూ అదే అంటారు. 2010లో జార్జియా యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాడు ఏ.జె. గ్రీన్ తాను వేసుకున్న జెర్సీని వెయ్యి డాలర్లకి అమ్ముకున్నందుకు అతన్ని నాలుగు మ్యాచ్‌లు ఆడనివ్వలేదు. ఆ రోజుల్లోనే కాలేజీలు ఆటగాళ్ళ నంబర్లతో జెర్సీలు అమ్ముకుంటూ ఉండేవి. అంతకుముందు ఏడాది, 2009లో, ఎడ్ ఓబానన్ అనే పాత బాస్కెట్‌బాల్ ఆటగాడు కోర్టుకెక్కాడు. ఒక వీడియో గేమ్‌లో అచ్చం తనలాగే ఉన్న ఆటగాడిని చూశాడు, దాని మీద తనకి పైసా రాలేదు. అక్కడ మొదలైన పోరు ఎన్నో ఏళ్ళు సాగింది. కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు మీద సంపాదించుకోవచ్చని 2019లో కాలిఫోర్నియా చట్టం చేసింది. 2021 జూన్‌లో, చదువుకి సంబంధించిన ప్రయోజనాల మీద ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటలను నడిపే సంస్థ) పెట్టిన పరిమితులు చెల్లవని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటగా చెప్పారు. ఆ వెంటనే జులై 1 నుంచి పిల్లలు తమ పేరు మీద, ముఖం మీద సంపాదించుకోవడానికి ఎన్‌సీఏఏ దారి వదిలింది. 2025 జులై నుంచి కాలేజీలే ఆటగాళ్ళకి నేరుగా డబ్బిస్తున్నాయి. మొదటి ఏడాదికి (2025-26) ఒక్కో కాలేజీ గరిష్ఠంగా 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఇవ్వవచ్చన్నారు. అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కీ, మగవాళ్ళ బాస్కెట్‌బాల్‌కీ పోతోంది. టెన్నిస్ ఆడే ఆడపిల్లకి అందులో ఏ మూలకి వస్తుంది? ఆ బ్యాగుల కంపెనీ లాంటివాళ్ళు ఇచ్చేదే ఆమెకి దొరికేది.

అందుకే "సింధు గెలిచాక చేసింది" అన్న మాట నాకు నచ్చలేదు. కాలేజీ టెన్నిస్ ఆడే పిల్లల్లో ప్రొఫెషనల్‌గా నిలబడేవాళ్ళు చాలా తక్కువ. మీ అమ్మాయి ముఖానికి ఆట వల్ల ఏదైనా గిరాకీ ఉంటే అది ఈ నాలుగేళ్ళే కావచ్చు. ఏదో ఒలింపిక్ పతకం వచ్చాక చూద్దాం అంటే ఎప్పటికీ వద్దనడమే. ఇన్‌స్టాగ్రామ్ కంపెనీలు కప్పులు చూడవు, ఫాలోయర్లను చూస్తాయి. ఆ కొలత నాకూ పెద్ద గొప్పగా అనిపించదు. కానీ దాన్ని మీ అమ్మాయి పెట్టలేదు కదా.

గోపీచంద్ గారి ఉదాహరణ మాత్రం మీవారు బాగా ఎంచుకున్నారు, అయితే దాన్ని పూర్తిగా చెప్పాలి. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాక ఆయన కూల్‌డ్రింక్ కంపెనీకి వద్దన్నది, ప్రకటనలంటే తప్పని కాదు. తాను మానేసినదాన్ని, ఒంటికి మంచిది కాదనుకున్నదాన్ని పిల్లలకి తాగమని ఎలా చెప్తానని. ఆ వద్దనడం ఆయన సొంత నిర్ణయం. ఆయన తరఫున ఇంట్లో ఇంకెవరో వద్దని ఉంటే ఈ రోజు మీవారు ఆ పేరు ఎత్తేవారు కాదు. ఈ కథే మీ అమ్మాయికి చెప్పండి, మందలింపులా కాదు. ఆ ఫేస్ క్రీమ్ గురించి ఒకే ఒక ప్రశ్న అడగండి: "నువ్వు రాసుకుంటావా అది?" రాసుకోనంటే మిగతా సంగతి ఆమే తేల్చుకుంటుంది. రాసుకుంటానంటే, రంగు తెల్లబడుతుందనో మొటిమలు పోతాయనో ఆమె నోట ఏం చెప్పించబోతున్నారో ముందే రాతలో చూసుకోమనండి.

మీ అమ్మాయి మీకు చెప్పకుండా చేయడం దగ్గర మీవారికి దెబ్బ తగిలింది. ఆ బాధ నిజమే, దాన్ని తీసిపారేయకండి. ఎండలో కోర్టు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, శనాదివారాలు టోర్నమెంట్లకి కారు నడిపి, కూతురి ఆటే తన జీవితం అనుకున్న మనిషి. ఆ ఆట నుంచి వచ్చిన మొదటి సంపాదన గురించి ఆయనకి పోస్టులో వచ్చిన కవరు చెప్పింది, ఆ తర్వాత గుంటూరు నుంచి వాట్సాప్ చెప్పింది. బంధువులందరి ముందు తనకేమీ తెలియనట్టు నిలబడాల్సి వచ్చింది. స్కర్టు, సంచులు, సింధు, ఇవన్నీ ఆ బాధ పైకి తన్నుకొచ్చిన మాటలని నా అనుమానం. టెన్నిస్ ఆడేటప్పుడు పన్నెండేళ్ళుగా ఆ స్కర్టు ఆయన చూస్తూనే ఉన్నారు కదా!

కానీ ఆమె ఎందుకు దాచింది? చెబితే ఏం వినాల్సి వస్తుందో తెలుసు కాబట్టి. మీ అత్తగారి వాయిస్ మెసేజ్ ఆమె భయం నిజమేనని నిరూపించింది. ఇంట్లో తిట్టు ఖాయం అనుకున్న పిల్లలు ముందుగా చెప్పరు, అయిపోయాక తెలిసేలా చేస్తారు. ఇకముందు చెప్పాలంటే, చెప్పినప్పుడు ఇంట్లో జరిగేది మారాలి.

మీవారి అకౌంటులో డబ్బు వేయమనడం నాకు అస్సలు ఒప్పుదల కాదు. కోచింగ్‌కి పెట్టిన డబ్బు తల్లిదండ్రులుగా పెట్టారు, అప్పుగా ఇవ్వలేదు. ఈ రోజు 2400 కింద లెక్క మొదలుపెడితే పాతదంతా బాకీ అయిపోతుంది, ఆ లెక్క మీ ముగ్గురిలో ఎవరికీ తీరదు. పైగా 1099 ఆమె పేరు మీద, ఆమె సోషల్ సెక్యూరిటీ నంబరు మీద వచ్చింది. డబ్బు ఎవరి అకౌంటులో పడినా పన్ను మాత్రం ఆమెదే. ఆమె తనంతట తాను అమ్మానాన్నలకి ఏదైనా కొనిపెడితే సంతోషంగా తీసుకోండి, అడగకండి.

ఎవరి వైపు మాట్లాడాలంటారా? సంపాదన విషయంలో అమ్మాయి వైపే. కానీ ఇద్దరి మధ్యా మాటలు మోసే పని పెట్టుకోకండి. "నాన్నకి చెప్పమ్మా", "దానికి చెప్పు" అనే వాక్యాలు మీ దగ్గరికి వస్తే వచ్చినచోటికే తిప్పి పంపండి. మీరు అమ్మాయితో మాట్లాడేటప్పుడు "ఎందుకు దాచావు" అని మొదలుపెడితే ఆ సంభాషణ అక్కడే ఆగిపోతుంది. "ఆ అగ్రిమెంటు ఒకసారి చూపించు" అనండి. పంతొమ్మిదేళ్ళ పిల్ల సంతకం పెట్టడానికి మీ అనుమతి అక్కర్లేదు. సంతకం పెట్టే ముందు చూపించే మనుషులుగా మీరు మిగలడం మాత్రం అవసరం. ఎందుకంటే అందులో చూడాల్సినవి చాలా ఉంటాయి. ఆమె ఫొటోలు, వీడియోలు ఎంతకాలం వాడుకుంటారు? "శాశ్వతంగా" అని రాసి ఉంటే, ముప్పై ఏళ్ళ వయసులో వేరే ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఆ ముఖం వాళ్ళ సొత్తే. వేరే కంపెనీలకి చేయకూడదన్న షరతు ఉందా? టీమ్‌కి ఇప్పటికే బూట్లు, బట్టలు ఇచ్చే కంపెనీతో అది కొట్టుకుంటుందా? మధ్యలో ఏజెంటు ఉంటే ఎంత తీసుకుంటున్నాడు? ఇవి చదివే ఓపిక మీవారికి ఉంటే ఆయనకంటే మంచి మనిషి ఇంకెవరు? అర్థం కానిది ఉంటే కాంట్రాక్టులు చూసే లాయరుకి ఒక గంట ఫీజు ఇవ్వడం దండగ కాదు.

ఇంకొకటి కూడా వెంటనే అడగండి: కాలేజీకి చెప్పిందా? టెక్సస్ చట్టం ప్రకారం ఇలాంటి ఒప్పందాల సంగతి కాలేజీకి తెలియజేయాలి. సారా, పొగాకు, జూదం లాంటివాటికి ప్రచారం చేయకూడదు. డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో పై స్థాయి) ఆటగాళ్ళు 600 డాలర్లు, ఆ పైన ఉన్న ప్రతి ఒప్పందాన్నీ ఎన్ఐఎల్ గో అనే పోర్టల్‌లో నమోదు చేయాలి. చేయకపోతే ఆడే అర్హతకే ముప్పు రావచ్చు. ఇప్పటిదాకా చేసి ఉండకపోతే కాలేజీలో ఆటల నియమాలు చూసే కంప్లయన్స్ ఆఫీసుకి తనే వెళ్ళి చెప్పుకోమనండి. వాళ్ళే కనిపెట్టేదాకా ఆగొద్దు. రీల్ కింద అది డబ్బు తీసుకుని చేసిన యాడ్ అని స్పష్టంగా రాయడం కూడా తప్పనిసరి.

సమయం గురించి మీవారి భయం సబబే. జనవరి నుంచి మే దాకా టీమ్ మ్యాచ్‌లు, ఆ చివర్లో పరీక్షలు. ఆ నెలల్లో షూటింగులు ఒప్పుకోవద్దని కోరవచ్చు. కోరడం వేరు, హుకుం వేరు.

మీ అత్తగారికి జవాబు మీరు ఇవ్వకండి. ఆవిడ కొడుకు ఇవ్వాలి, అదీ ఆ గ్రూపులోనే. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు, "మాకు తెలిసే చేసిందమ్మా" అంటే చాలు. ఇకమీదట చేసేవాటి విషయంలో ఆ మాట నిజమయ్యేలా చూసుకునే బాధ్యత మీ ఇంట్లో ముగ్గురిదీ.

ఏప్రిల్ 15 లోపు ఆమె టాక్స్ రిటర్న్ వేయాలి. వేరే సంపాదన లేకపోతే ఆదాయపు పన్ను పడకపోవచ్చు గానీ, ఖర్చులు పోగా 400 డాలర్లు దాటిన సొంత పని మీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ 15.3 శాతం ఉంటుంది. 2400 మొత్తం మీద వేస్తే దాదాపు 340 డాలర్లు. ఊరికే ఇచ్చిన బ్యాగుల విలువ కూడా ఆదాయంలో కలపాలి. ఆ ఫారాలు నింపడంలో మీవారు సాయం చేయగలరేమో అడగమని అమ్మాయికి చెప్పండి. ఆయన ఒప్పుకుంటే మీరు ఆ గదిలో ఉండకండి.