ఎఫ్‌ఓబీ చెన్నై అంటే నా ఖర్చు ఎక్కడిదాకా? మొదటి కంటైనర్ పంపేవారికి షిప్పింగ్ మాటలు

ప్రశ్న: గుంటూరు నుంచి మలేషియాలోని పోర్ట్ క్లాంగ్‌కు మొదటిసారి ఒక కంటైనర్ ఎండుమిర్చి పంపుతున్నాను. కొనేవాళ్లు ఎఫ్‌ఓబీ చెన్నై రేటు అడిగారు. ఫార్వర్డర్ (సరుకు రవాణా ఏర్పాట్లు చేసే ఏజెంటు) కొటేషన్‌లో టీహెచ్‌సీ, వీజీఎం, బీఎల్ ఫీజు, ఫ్రైట్ కలెక్ట్, ఫ్రీ డేస్ అని ఏవేవో ఉన్నాయి. వీటిలో ఏది నాది, ఏది వాళ్లది?

జవాబు:

ముందు ఎఫ్‌ఓబీ సంగతి తేల్చుకోండి. కొటేషన్‌లో సగం మాటలకు అర్థం అక్కడే దొరుకుతుంది. ఎఫ్‌ఓబీ చెన్నై అంటే సరుకు చెన్నైలో ఓడ ఎక్కేవరకు ఖర్చూ మీదే, నష్టం వస్తే అదీ మీదే. ఓడ ఎక్కాక రెండూ కొనేవాళ్లవి. కాబట్టి బస్తాలు, హమాలీ, ఖాళీ కంటైనర్‌ను యార్డు నుంచి గుంటూరు తెచ్చి నింపి మళ్లీ చెన్నై చేర్చే ట్రైలర్ కిరాయి, ఫ్యూమిగేషన్ (పురుగులు చంపే పొగ పట్టించడం), ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (సరుకులో చీడపీడలు లేవనే ధ్రువపత్రం), కస్టమ్స్ బ్రోకర్ ఫీజు, సీల్, బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, ఓడ సరుకు రసీదు) ఫీజు, చెన్నై టీహెచ్‌సీ అన్నీ మీ రేటులో ఉండాలి. టీహెచ్‌సీ అంటే టెర్మినల్‌లో కంటైనర్‌ను దించి, పేర్చి, ఓడ దగ్గరికి చేర్చినందుకు షిప్పింగ్ లైన్ వసూలు చేసేది. కొత్తవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే. పోర్టు గేటు దాకానే తమ ఖర్చు అనుకుని ట్రైలర్ కిరాయితో లెక్క ఆపేస్తారు.

ఓషన్ ఫ్రైట్, అంటే ఓడ కిరాయి, కొనేవాళ్లు కడతారు గనుక బీఎల్ మీద ఫ్రైట్ కలెక్ట్ అని పడుతుంది. మీరే కట్టి ఉంటే ఫ్రైట్ ప్రీపెయిడ్ అని ఉండేది. క్లాంగ్‌లో పడే టీహెచ్‌సీ, డెలివరీ ఆర్డర్ (సరుకు విడుదల చేయమనే పత్రం) ఫీజు, దిగుమతి సుంకం వాళ్లవే.

రేపు వాళ్లు సీఐఎఫ్ క్లాంగ్ అడిగితే ఒక చిక్కు ఉంది. ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ క్లాంగ్ దాకా మీరే కడతారు, కానీ నష్టభయం మాత్రం చెన్నైలో ఓడ ఎక్కగానే వాళ్లకు మారిపోతుంది. ఖర్చు ఒకచోట, నష్టభయం ఇంకోచోట చేతులు మారడం ఇక్కడే చాలామందికి అర్థం కాదు. సీఎఫ్‌ఆర్ కూడా ఇంతే, ఇన్సూరెన్స్ ఒక్కటి తీసేయండి. సీఐఎఫ్‌లో మీరు చేయించాల్సిన కనీస ఇన్సూరెన్స్ ఇన్వాయిస్ విలువకు 110 శాతం, క్లాజ్ సీ కింద. క్లాజ్ సీ అంటే ఓడ మునగడం, ఢీకొనడం, నిప్పంటుకోవడం లాంటి పెద్ద ప్రమాదాలకే. దొంగతనం, కంటైనర్‌లోకి సముద్రపు నీరు చేరడం అందులో లేవు. తడి తగిలితే బూజు పట్టే మిర్చికి అది ఏం చాలుతుంది? దానికన్నా విస్తృతమైన క్లాజ్ ఏ అడగండి.

ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ లాంటి ఈ నిబంధనలన్నీ ఇంటర్నేషనల్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ వాళ్లవి. ఇప్పుడు నడుస్తున్నది ఇన్‌కోటెర్మ్స్ 2020, అందులో మొత్తం 11. నిజానికి కంటైనర్ సరుకుకు ఎఫ్‌ఓబీ బదులు ఎఫ్‌సీఏ వాడమని వాళ్లే చెబుతారు. కంటైనర్‌ను మీరు టెర్మినల్‌లో అప్పగించిన తర్వాత ఓడ వచ్చి ఎక్కించుకునేదాకా రోజులు పడుతుంది. ఆ రోజుల్లో యార్డులో ఏం జరిగినా ఎఫ్‌ఓబీ కింద నష్టం మీదే. ఎఫ్‌సీఏలో అయితే అప్పగించిన చోటే మీ బాధ్యత ఆగుతుంది. మన మార్కెట్లో ఎఫ్‌ఓబీ అలవాటు పోలేదు. కొనేవాళ్లు అదే కావాలంటే గోదాము నుంచి ఓడ ఎక్కేదాకా మీరే ఇన్సూరెన్స్ చేయించుకోండి. కొటేషన్‌లో మాత్రం వట్టి ఎఫ్‌ఓబీ అని రాయకండి. "ఎఫ్‌ఓబీ చెన్నై, ఇన్‌కోటెర్మ్స్ 2020" అని ఊరి పేరుతో సహా రాయండి.

ఇక బీఎల్. అసలు డబ్బు పోయేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. బిల్ ఆఫ్ లేడింగ్ సరుకు అందినట్టు రసీదు, రవాణా ఒప్పందానికి రుజువు. టు ఆర్డర్ (వెనక సంతకం చేసి ఇంకొకరికి మార్చగలిగేది) అని రాసినదైతే సరుకు మీద హక్కు పత్రం కూడా. మామూలుగా మూడు ఒరిజినల్స్ ఇస్తారు. వాటిలో ఏ ఒక్కటి అప్పగించినా సరుకు విడుదలవుతుంది, మిగతా రెండూ చెల్లవు. అందుకే డబ్బు రాకముందు ఒక్క ఒరిజినల్ కూడా నేరుగా కొనేవాళ్లకు కొరియర్ చేయొద్దు, బ్యాంకు ద్వారానే పంపండి. టెలెక్స్ రిలీజ్ అంటే ఒరిజినల్స్ ఇక్కడే లైన్‌కు తిరిగి ఇచ్చేసి, అక్కడ కాగితం లేకుండానే సరుకు ఇచ్చేయమనడం. "ఓడ రేపు వస్తోంది, టెలెక్స్ ఇచ్చేయండి, ఎల్లుండి డబ్బు వేస్తాం" అని ఫోన్ వస్తే ఒప్పుకోకండి. డబ్బు మీ బ్యాంకు ఖాతాలో కనిపించాకే ఇవ్వండి. బీఎల్ బదులు ఇచ్చే సీవే బిల్‌కు అసలు ఒరిజినల్ చూపించే పనే లేదు. పూర్తి డబ్బు ముందే అందిన వ్యాపారానికే అది సరిపోతుంది.

ఎఫ్‌ఓబీలో ఫార్వర్డర్‌ను సాధారణంగా కొనేవాళ్లే పెడతారు. అప్పుడు మీ చేతికి వచ్చేది షిప్పింగ్ లైన్ ఇచ్చే మాస్టర్ బీఎల్ కాదు, ఆ ఫార్వర్డర్ ఇచ్చే హౌస్ బీఎల్. మాస్టర్ బీఎల్ ఫార్వర్డర్ల మధ్యే తిరుగుతుంది. కొనేవాళ్లతో కుమ్మక్కైన ఫార్వర్డర్ మీ హౌస్ బీఎల్ అడగకుండానే సరుకు ఇచ్చేస్తే మీ చేతిలో కాగితాలు మిగులుతాయి. తెలియని కొనుగోలుదారుతో మొదటి కంటైనర్ గనుక లైన్ వారి బీఎల్ కావాలని ముందే అడగండి, కుదరకపోతే అడ్వాన్స్ శాతం పెంచండి.

షిప్పింగ్ బిల్, బిల్ ఆఫ్ లేడింగ్ ఒకటి కావు. షిప్పింగ్ బిల్ మన కస్టమ్స్‌లో ఐస్‌గేట్ అనే వెబ్‌సైట్ ద్వారా వేసే ఎగుమతి ప్రకటన. తనిఖీ అయ్యాక కస్టమ్స్ ఇచ్చే అనుమతిని ఎల్‌ఈఓ, అంటే లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ అంటారు. ఓడ వెళ్లాక లైన్ ఈజీఎం, అంటే ఓడలో వెళ్లిన ఎగుమతి సరుకుల జాబితా, కస్టమ్స్‌లో వేయాలి. అందులో మీ కంటైనర్ నంబరో, షిప్పింగ్ బిల్ నంబరో తప్పు పడితే డ్రాబ్యాక్ (ఎగుమతి సరుకుపై సుంకం వాపసు), జీఎస్టీ రీఫండ్ అక్కడే ఆగిపోతాయి. ఓడ కదిలిన వారానికి ఐస్‌గేట్‌లో ఈజీఎం స్థితి మీరే చూసుకోండి. మిర్చికి ఐఈసీ (ఎగుమతి దిగుమతి కోడ్), ఏడీ (విదేశీ మారకం చూసే మీ బ్యాంకు) కోడ్‌లతో పాటు స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ కూడా కావాలి.

వీజీఎం అంటే నింపిన కంటైనర్ మొత్తం బరువును ధ్రువీకరించి ఇవ్వడం. 2016 జూలై 1 నుంచి అంతర్జాతీయంగా ఇది లేనిదే ఓడ ఎక్కించరు. నింపిన కంటైనర్‌ను కాటా మీద తూయడం ఒక పద్ధతి. లోపల పెట్టిన ప్రతిదీ తూచి, తలుపు మీద రాసిన ఖాళీ బరువు కలపడం ఇంకోటి. రెండో పద్ధతిలో జరిగే తప్పు ప్యాకింగ్ లిస్టులోని నెట్ బరువు వేసేయడం. గోనె సంచులు, క్రాఫ్ట్ పేపర్, తేమ పీల్చే సంచులు అన్నీ బరువులోకి వస్తాయి. 25 కిలోల బస్తాలు 560 అంటే నెట్ 14,000 కిలోలు, గ్రాస్ అంతకన్నా ఎక్కువే.

ఎల్‌సీ (కొనేవాళ్ల బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) మీద పంపుతుంటే ఇంకోటి గమనించండి. ఎల్‌సీలో పరిమాణాన్ని టన్నుల్లో రాస్తే, బిల్లు మొత్తం ఎల్‌సీ విలువ దాటనంత వరకు, యూసీపీ 600 (ఎల్‌సీలకు అంతర్జాతీయ నిబంధనలు) ప్రకారం 5 శాతం అటూ ఇటూ చెల్లుతుంది. "560 బస్తాలు" అని రాస్తే ఆ వెసులుబాటు లేదు, ఒక్క బస్తా తగ్గినా బ్యాంకు తప్పు పడుతుంది.

ఎఫ్‌సీఎల్ అంటే కంటైనర్ మొత్తం మీ సరుకే. ఎల్‌సీఎల్ అంటే నలుగురి సరుకు ఒకే కంటైనర్‌లో, కిరాయి సీబీఎం లెక్కన, అంటే ఘనపు మీటర్లలో. ఒక సీబీఎం, ఒక టన్ను, ఈ రెంటిలో ఏ లెక్క ఎక్కువైతే దానికే కట్టాలి. 60×40×40 సెంటీమీటర్ల పెట్టెలు 40, ఒక్కోటి 20 కిలోలు అనుకోండి. బరువు 0.8 టన్ను, ఘనపరిమాణం 3.84 సీబీఎం, కాబట్టి 3.84కు కిరాయి. అవే పెట్టెలు విమానంలో వెళ్తే ఘనపు సెంటీమీటర్లలో వచ్చిన ఘనపరిమాణాన్ని 6000తో భాగించి కిలోలు లెక్కగడతారు. పెట్టెకు 16 కిలోలే వస్తుంది, అసలు బరువు 20 ఎక్కువ, 800 కిలోలకు కడతారు. మీకు కంటైనర్ మొత్తం ఉంది గనుక ఇది శాంపిళ్లు పంపేటప్పుడు పనికొస్తుంది.

తేదీల్లో ఈటీడీ ఓడ బయల్దేరే అంచనా, ఈటీఏ చేరే అంచనా. వీటికన్నా మీకు ముఖ్యమైనవి కటాఫ్‌లు. బీఎల్ వివరాలకు ఒకటి, వీజీఎంకు ఒకటి, గేట్ లోపలికి చేరడానికి ఒకటి ఉంటాయి. ఏది తప్పినా కంటైనర్ తర్వాతి ఓడకు పోతుంది, రోల్ అయింది అంటారు. గుంటూరు నుంచి చెన్నై 400 కిలోమీటర్ల దారి. గేట్ కటాఫ్ రోజునే చేరేలా ట్రైలర్‌ను కదిలించకండి, కనీసం ఒక రోజు ముందు చేర్చండి.

ఫ్రీ డేస్ అంటే అదనపు రుసుము లేకుండా కంటైనర్‌ను ఉంచుకోనిచ్చే రోజులు. అవి దాటితే పడేవి రెండు. నిండు కంటైనర్ పోర్టులో ఉండిపోతే డెమరేజ్, లైన్ వారి కంటైనర్‌ను బయట ఎక్కువ రోజులు ఉంచుకుంటే డిటెన్షన్. పోర్టు విడిగా గ్రౌండ్ రెంట్ వేస్తుంది. గుంటూరులో నింపడం ఆలస్యమైతే డిటెన్షన్ మీది. క్లాంగ్‌లో పడేవి కొనేవాళ్లవి, కానీ వాళ్లు సరుకు తీసుకోకుండా తప్పుకుంటే లైన్ మీ వెనక పడుతుంది. బీఎల్‌లో షిప్పర్‌గా ఉన్నది మీ పేరే మరి. ఓడ చేరడానికి మూడు రోజుల ముందే కొనేవాళ్లకు ఫోన్ చేయండి. జవాబు నానుస్తుంటే ఫ్రీ డేస్ అయిపోకముందే అక్కడ ఇంకో కొనుగోలుదారును వెతకడం మొదలుపెట్టండి. వెనక్కి తెప్పించడం అంత తేలిక కాదు, కొన్ని దేశాల్లో బీఎల్‌లో పేరున్న దిగుమతిదారు నో అబ్జెక్షన్ ఇస్తేనే కస్టమ్స్ కదలనిస్తుంది.