మిషన్ కొనే ముందు బీరువా తెరవండి

ప్రశ్న: నా భుజాలు సన్నం, నడుము కింద వెడల్పు. రెడీమేడ్ బట్టలు ఒకచోట పడితే ఇంకోచోట పట్టవు. ఏడాదికి 15 దాకా కొంటాను, సగం బీరువాలోనే ఉండిపోతాయి. కుట్టుమిషన్ కొని నేనే కుట్టుకుందామని ఉంది. 12 నెలల వాయిదాల మీద ఇస్తామంటున్నారు. ఇది పొదుపా, ఇంకో ఖర్చా?

జవాబు: ‘సగం బీరువాలోనే’ అన్నారు చూడండి, మీ డబ్బు పోతున్నది అక్కడే. ముందు దాన్ని లెక్కేద్దాం. ఒక టాప్ ధర 100 అనుకోండి. ఇవి నేను ఊహించిన అంకెలు, వీటి బదులు మీ అంకెలు వేసుకోండి. 15 కొంటే 1500. అందులో 7 తొడగకపోతే ఏటా 700 నిద్రపోతోందన్నమాట. మామూలు మిషన్ 800 అనుకుంటే, దాదాపు అంత డబ్బు ప్రతి ఏడాదీ హ్యాంగర్లకు వేలాడుతోంది.

ఇక కుట్టే లెక్క. బట్ట, దారం, లైనింగ్, జిప్ అన్నీ కలిపి ఒక్కోదానికి 60 అవుతుందనుకుందాం. 40 మిగులుతుంది. మొదట్లో ఒక 4 పాడవుతాయి (పాడవని వాళ్లను నేనింకా చూడలేదు), అవి 240. మిషన్‌తో కలిపితే 1040. దాన్ని 40తో భాగిస్తే 26 టాప్‌లు కుట్టాక గానీ పెట్టుబడి తిరిగి రాదు. నెలకు ఒకటి కుట్టినా రెండేళ్ల పైమాటే. ఇలా చూస్తే పెద్ద లాభమేం కనిపించదు.

కానీ మీరు నిజంగా తొడుగుతున్నవి 8 మాత్రమే. ఒంటికి సరిగ్గా కుదిరే 8 కుట్టుకుంటే 480తో ఏడాది గడిచిపోతుంది. 1500లో 1020 మిగిలింది, అంటే మిషన్ డబ్బు ఏడాదిలోనే వచ్చేసినట్టు. ఒకటే షరతు: కొనడం ఆగాలి. కుడుతూ కూడా పాత అలవాటు ప్రకారం కొంటూ పోతే మిషన్ మీకు 16వ వస్తువు అవుతుంది, అంతే.

కుట్టేవాళ్లను ముంచేది ఇంకొకటుంది, బట్ట పిచ్చి. అంచు బాగుందని 2 మీటర్లు, తగ్గింపు ఉందని 3 మీటర్లు తెచ్చి అలమారాలో దాస్తారు. ఒకటి కుట్టి తొడిగాకే తర్వాతి బట్ట కొనండి. కొనేటప్పుడు పన్నా, అంటే బట్ట వెడల్పు, కూడా చూడండి. 44 అంగుళాల పన్నాలో పట్టేదానికి, 58 అంగుళాల పన్నాలో పట్టేదానికి చాలా తేడా. మీటరు ధర ఒక్కటే చూస్తే మోసపోతాం. నూలు బట్టయితే తడిపి ఆరేశాకే కత్తెర పెట్టండి. లేదంటే కుట్టిన టాప్ మొదటి ఉతుకులోనే బిగుతై, అదీ బీరువాలోకే వెళ్తుంది.

మిషన్ కంటే ముందు బీరువాలోంచి 3 టాప్‌లు, ఒక ప్యాంటు తీయండి. ప్యాంటు తుంటికి సరిపోయేది ఎంచుకుని నడుము దగ్గర బిగిస్తే చాలు. టాప్‌లో భుజం సర్దడం కష్టం, చేతులు విప్పి మళ్లీ కుట్టాలి. కాబట్టి మీ ఒంటికి భుజం కుదిరే సైజు పట్టుకుని, నడుము కింద పక్క కుట్లు విప్పి చీలికలు పెట్టించండి. వదులు చేయడం అంత సులువు కాదు. రెడీమేడ్ బట్టల్లో లోపల వదిలే మార్జిన్ చాలా తక్కువ. ఈ నాలుగింటిలో రెండు తొడుక్కునేలా తయారైనా, రెండు కొత్తవి కొనే డబ్బు మిగిలినట్టే.

అన్నట్టు, సైజులు పట్టకపోవడం మీ ఒంటి లోపం కాదు. అమెరికాలో 1939-40లో సుమారు 15,000 మంది స్త్రీల కొలతలు తీసుకుని, వాటి ఆధారంగా 1958లో ప్రామాణిక సైజులు ప్రకటించారు. 1983లో ఆ ప్రమాణాన్నే వెనక్కి తీసుకున్నారు.

వాయిదాలు మాత్రం వద్దు. కుట్టుమిషన్‌కీ వాయిదాలకీ పాత చుట్టరికమే, 1850లలోనే సింగర్ కంపెనీ మిషన్లను అలా అమ్మింది. మీరు ఆ వాయిదా మొత్తాన్నే నెలనెలా పక్కన పెట్టండి. ఈలోగా ఎవరి మిషన్ మీదైనా పాత దుప్పటితో కటింగ్ నేర్చుకోండి. నాలుగో నెలలో విసుగొచ్చి మానేసినా ఆ డబ్బు మీదే, అప్పు ఉండదు. కనీసం 3 నెలల ఇంటి ఖర్చు చేతిలో లేకపోతే ముందు అది కూడబెట్టండి. కొనేటప్పుడు మంచి కండిషన్‌లో ఉన్న పాత మిషన్ చాలు. ఎంబ్రాయిడరీ డిజైన్లకు ఇప్పుడే డబ్బు పెట్టకండి.

ఇక సమయం. కొత్తలో ఒక టాప్‌కి 6 గంటలనుకుంటే 8కి 48 గంటలు. ఆ గంటల్లో సంపాదన వదులుకోవడం లేదంటే నేను దానికి ధర కట్టను. కూర్చుని కుట్టడం భారంగా ఉంటే, మీకు బాగా కుదిరిన పాత టాప్‌ని ఆది కింద ఇచ్చి టైలర్ చేత కుట్టించుకోండి, తప్పేం లేదు. మిషన్ కొన్నాక ఆర్నెల్లలో కనీసం 4 కుట్టలేదంటే, కొత్తదనం పోకముందే దాన్ని అమ్మేసి ఆ డబ్బు టైలర్ కూలీకి వాడండి.