నాన్నగారి చేతక్ బ్రేకులకు లోన్ దేనికి?

ప్రశ్న: నాన్న 1993లో కొన్న బజాజ్ చేతక్ ఇంట్లో ఉంది. ఆయన పోయి రెండేళ్లవుతోంది. బండి ఇంకా ఆయన పేరు మీదే ఉంది, ఆర్‌సీ గడువు దాటి ఏడాదయింది. వెనక బ్రేకు అసలు పట్టడం లేదు. మొత్తం బాగుచేయడానికి మెకానిక్ రూ.46,500 చెప్పాడు: బ్రేకులు 2,900, టైర్లు 3,800, వైరింగ్ 4,500, బోరు, పిస్టన్ 9,800, పెయింటింగ్ 16,500, క్రోమ్, సీటు 9,000. జీతం 52,000 చేతికొస్తుంది, ఖర్చులు పోను ఎనిమిది వేలు మిగులుతాయి. లక్షన్నర ఎఫ్‌డీ ఉంది. 16 శాతం వడ్డీకి రెండేళ్ల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. లోన్ తీసుకోనా, ఎఫ్‌డీ విడిపించనా?
– ఉప్పల్, హైదరాబాద్

జవాబు: రెండూ వద్దు. ఆ లోన్‌కు నెలకు దాదాపు రూ.2,277 చొప్పున 24 నెలలు కట్టాలి. వడ్డీయే ఎనిమిది వేలు దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దాని మీద జీఎస్‌టీ వేసుకుంటే మరో 1,100. మీ ఎస్టిమేట్‌లో బ్రేకులు, టైర్లు కలిపినా అంత లేదు. ఇక ఎఫ్‌డీ అంటారా, మీ నెల ఖర్చు లెక్కన అది మూడున్నర నెలల తిండి, అద్దె. దాన్ని రంగుకూ క్రోముకూ కరిగించకండి.

ఈ 46,500లో ఆగలేనిది బ్రేకు ఒక్కటే. దానికి 2,900 ఇచ్చేముందు వెనక బ్రేకు ఎందుకు పోయిందో తేల్చమనండి. చేతక్‌లో వెనక చక్రం గేర్‌బాక్సులోంచి వచ్చే షాఫ్టుకే బిగించి ఉంటుంది. అక్కడ నూనె కారకుండా ఆపే రబ్బరు రింగు, అంటే హబ్ ఆయిల్ సీల్, పాతబడితే గేర్ ఆయిల్ బ్రేకు డ్రమ్ములోకి దిగి బ్రేకు షూల మీది పట్టు పొరను, అంటే లైనింగును, తడిపేస్తుంది. కొత్త షూలు వేసి పాత సీల్ వదిలేస్తే కొన్నాళ్లకే మళ్లీ అదే కథ. నూనె తాగిన లైనింగును పెట్రోల్‌తో కడిగి, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వేస్తానంటే ఒప్పుకోకండి. వేడెక్కగానే లోపలి నూనె పైకి తేలుతుంది.

చక్రం తీసి, కాటర్ పిన్ లాగి, క్యాజిల్ నట్ విప్పి డ్రమ్ము ఊడదీసేటప్పుడు మీరు పక్కనే ఉండండి. లోపల తడి ఉంటే సీల్ మార్చాలి. తీయకముందే చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. ప్లే (వదులు) ఉంటే బేరింగ్ కూడా పోయినట్టే, అది మార్చకపోతే కొత్త సీల్ కూడా నిలవదు. డ్రమ్ము లోపల గోటికి తగిలే గీతలుంటే లేత్ మీద తిప్పి నునుపు చేయించాలి, దాన్నే టర్నింగ్ అంటారు. కాబట్టి బేరింగ్, టర్నింగ్ ఆ 2,900లో ఉన్నాయో లేవో ముందే అడగండి. షూలతోపాటు స్ప్రింగు, కాటర్ పిన్ కొత్తవి పడాలి, కేబుల్ పోగులు లేచి ఉంటే అదీ మార్చాలి. షూలను విడదీసే క్యామ్‌కు గ్రీజు చుక్క చాలు, ఎక్కువైతే అది లైనింగు మీదికే చేరుతుంది. పాత లైనింగులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, దుమ్ముకు ఎయిర్ కొట్టనివ్వకుండా తడిగుడ్డతో తుడిపించండి. విడిభాగాలు పుత్లీబౌలిలో మీరే కొనుక్కుంటే బిల్లు తీసుకోండి. తీసేసిన పాత షూలు, సీల్ అడిగి తెచ్చుకోండి. మార్చారనడానికి అంతకుమించిన రుజువు లేదు.

బ్రేకు తర్వాత రంగు కాదు, కాగితాలు. ఆర్‌సీ రెన్యువల్‌కు బండిని తనిఖీకి చూపాలి, బ్రేకు పట్టని బండి అక్కడ నిలవదు. ఇరవై ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనానికి రెన్యువల్ ఫీజు రూ.2,000. ఆలస్యానికి నెలకు రూ.300 చొప్పున మీకు ఇప్పటికే 3,600 అయింది, అంటే అసలు ఫీజును దాటేసింది. గ్రీన్ ట్యాక్స్ వేరు. చేతక్ 145 సీసీ కాబట్టి థర్డ్ పార్టీ బీమా ప్రీమియం రూ.714, జీఎస్‌టీతో 843. రెన్యువల్‌కు ఫారం 25, వారసుడి పేరుకు మార్చడానికి ఫారం 31. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం సిద్ధం చేసుకోండి. ఈ పేరు మార్పును తేలిగ్గా తీసుకోకండి. రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఆర్‌సీలో యజమానిగా ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. నాన్నగారి పేరుతో బండి నడుపుతూ మీరు పడితే మీ ఇంటికి ఆ డబ్బు రాదు.

"వింటేజ్" రిజిస్ట్రేషన్ చేయిస్తామని ఎవరైనా వస్తే పంపించేయండి. దానికి బండికి 50 ఏళ్లు నిండాలి. పైగా వింటేజ్ బండిని రోజూ తిప్పుకోనివ్వరు.

మొదటి నెల మిగులులోంచి బ్రేకులు, టైర్లు: 6,700. రెండో నెల కాగితాలకు 6,443, పైన గ్రీన్ ట్యాక్స్. మూడో నెల నుంచి రూ.4,000 ఆర్‌డీ వేయండి, నాలుగు నెలల్లో వైరింగ్, ఇంజిన్ పనికి కావలసిన 14,300 చేతికొస్తాయి. రంగు, క్రోము, సీటుకు 25,500 కాబట్టి ఇంకో ఆరు నెలలు. మిగిలిన నాలుగు వేలూ ఎఫ్‌డీ పక్కన చేరాలి. ఈలోగా బేరింగ్ లాంటి ఖర్చు తగిలితే రంగును ఒక నెల వెనక్కి జరపండి, కార్డు మాత్రం గీకకండి. బాగుచేశాక బండి అమ్మితే 46,500 తిరిగొస్తుందని కూడా లెక్కేయకండి. దీన్ని ఆస్తి కింద కాదు, నాన్నగారి మీద ప్రేమ కింద రాసుకోండి.