కార్యదర్శి జీతం ఎవరు తేల్చాలి, ఎంతని తేల్చాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపూర్. 1860 సొసైటీల చట్టం కింద రిజిస్టరైన మా సంఘం సవర పిల్లల హాస్టల్, కుట్టు శిక్షణ కేంద్రం నడుపుతోంది. ఆదాయపు పన్ను మినహాయింపు, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి) రెండూ ఉన్నాయి. అధ్యక్షుడి తమ్ముడే కార్యదర్శి. ఆయనకు నెలకు 18,000 ఇస్తున్నాం. దాన్ని 60,000 చేసి, గత మూడేళ్ల తేడా కూడా కలిపి ఇద్దామంటున్నారు. ‘సేవకు జీతమేమిటి?’ అని కొందరు సభ్యుల అభ్యంతరం. ఏది సబబు?

జవాబు: పనిచేసిన మనిషికి జీతం ఇవ్వడం ఏ చట్టం ప్రకారమూ తప్పు కాదు. చాలీచాలని జీతం పెడితే ఆ లోటు డీజిల్ బిల్లుల్లోనో, ఇంటద్దె వోచర్లలోనో తేలుతుంది. ఆడిట్‌లో పట్టుబడేదీ అక్కడే. తగిన జీతం నిర్ణయించి, టీడీఎస్ పట్టుకుని, బ్యాంకు ఖాతాలో వేయడం సంఘానికీ ఆయనకూ క్షేమం. నగదుగా మాత్రం ఇవ్వకండి. ఒకే రోజు ఒకరికి 10,000 దాటి నగదు చెల్లిస్తే ఆ మొత్తాన్ని ధర్మకార్యానికి వెచ్చించినట్టు లెక్కలోకి తీసుకోరు.

ముందు నియమావళి తెరిచి చూడండి. పదాధికారులు ‘గౌరవ హోదాలో’ పనిచేస్తారని ఉంటే, సర్వసభ్య సమావేశంలో దాన్ని సవరించి, ఆ ప్రతిని రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేసేదాకా జీతం మాట ఎత్తకూడదు. ఇప్పటిదాకా ఇచ్చిన 18,000కు కూడా అప్పుడు ఆధారం వెతుక్కోవాలి.

తీర్మానం దగ్గరే ఎక్కువ సంఘాలు తప్పటడుగు వేస్తాయి. కార్యదర్శి బయటికి వెళ్తారు గానీ అన్నగారు అధ్యక్ష కుర్చీలోనే కూర్చుంటారు. ఇద్దరూ లేవాలి. వేరొక సభ్యుడు అధ్యక్షత వహించాలి. ఆ ఇద్దరూ పోగా కోరం (సమావేశానికి కావాల్సిన కనీస సభ్యుల సంఖ్య) మిగులుతుందో లేదో ముందే లెక్కపెట్టుకోండి, లేకుంటే తీర్మానమే చెల్లదు. మినిట్స్ బుక్‌లో ఇలా ఉండాలి: ‘ఈ అంశం చర్చకు రాగానే 11-20కి అధ్యక్షుడు, కార్యదర్శి గది విడిచి వెళ్లారు. నిర్ణయం అయ్యాక 12-05కి తిరిగి వచ్చారు.’ ఒడియాలో రాసుకున్నా ఇబ్బంది లేదు. ఏ అంకె ఎందుకు ఎంచుకున్నారో మాత్రం అదే రోజు రాయాలి. ఆడిటర్ అడిగాక రాసిన కారణానికి విలువ ఉండదు.

ఇక ఎంత ఇవ్వాలన్నది. మీ బడ్జెట్, సిబ్బంది సంఖ్యకు దగ్గరగా ఉన్న కనీసం మూడు సంస్థల జీతాలు సేకరించండి. రాయగడ, పర్లాకిమిడి, జయపురం వైపు సంస్థలైతే పోలిక సరిగ్గా ఉంటుంది. భువనేశ్వర్‌లోని పెద్ద సంస్థ డైరెక్టరు జీతం మీకు కొలత కాదు. ఐటీడీఏ (ప్రభుత్వ గిరిజనాభివృద్ధి సంస్థ) ఒప్పంద ఉద్యోగాల నోటిఫికేషన్లలోని జీతాలతోనూ పోల్చి చూడండి. మీ కార్యదర్శి రోజంతా సంఘం పనిలోనే ఉంటారా, సొంత వ్యాపారం కూడా చూసుకుంటారా అన్నది ముఖ్యం. సగం పూట పనికి సగం జీతమే న్యాయం. విధుల పత్రం, హాజరు పట్టీ ఫైల్లో ఉండాలి.

సంస్థను నడిపే వ్యక్తి, కమిటీ సభ్యుల తోబుట్టువులు ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 13(3) పరిధిలోకి వస్తారు. వారికి పనికి తగినదానికన్నా ఎక్కువ ఇస్తే, ఆ ఎక్కువ భాగంపై 30 శాతం పన్ను పడుతుంది. ఉదాహరణకు 45,000 తగినదని అధికారి తేలిస్తే, నెలకు 15,000 చొప్పున ఏడాదికి 1,80,000 అదనం. దానిపై పన్ను 54,000, పైన సెస్సు. జరిమానా వేరు: మొదటిసారి ఆ అదనమంత, అంటే 1,80,000, మళ్లీ జరిగితే దానికి రెట్టింపు. ఇవి 1961 చట్టం లెక్కలు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం అమలు కాబట్టి, ఆ తర్వాతి సంవత్సరాలకు సెక్షన్ నంబర్లు మారతాయి.

విదేశీ నిధులతో ఇవ్వాలనుకుంటే ఇంకో హద్దు ఉంది. ఎఫ్‌సీఆర్‌ఏ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత, ఏడాదిలో వచ్చిన విదేశీ విరాళంలో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. అంతకుముందు 50 శాతం ఉండేది. హాస్టల్ టీచరు జీతం ఇందులోకి రాదు, కమిటీ సభ్యుడి జీతం వస్తుంది. 30 లక్షలు వస్తే హద్దు 6 లక్షలు. నెలకు 60,000 అంటే ఏడాదికి 7,20,000. ఆ ఒక్క జీతంతోనే గీత దాటేశారు. కొంత భాగం స్థానిక నిధుల నుంచి ఇచ్చేలా తీర్మానంలోనే విడదీసి రాయండి.

గత మూడేళ్ల తేడా అంటే నెలకు 42,000 చొప్పున 15,12,000. హాస్టల్ పిల్లల కోసం వచ్చిన డబ్బులోంచి అంత తీయడానికి ఏ పాత తీర్మానమూ లేదు కదా. అప్పట్లో ఒప్పుకున్న జీతం 18,000, అది చెల్లించేశారు. ఇప్పుడు కొత్తగా వెనక్కి లెక్కగట్టి ఇచ్చేది జీతం అనిపించుకోదు, సంఘం సొమ్ము పంచిపెట్టినట్టు అవుతుంది. ఆ ప్రతిపాదన వదిలేయండి. కొత్త జీతం తీర్మానం జరిగిన తర్వాతి నెల ఒకటో తేదీ నుంచి అమలయ్యేలా నియామక పత్రం ఇవ్వండి.